కొంచెం సర్దానంతే

అబద్ధమాడేవాళ్ళకి గోడలకి చెవులుంటాయేమోనని భయం. ఆ ఇంటి కోడలికి ఆ భయమే లేదు. ఎందుకంటే ఆమె అబద్ధమాడుతున్నప్పుడు రెండు చెవులూ రిక్కించుకుని అత్తగారే ఎదురుగా కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.

"అయ్యో, నువ్వేం తేనక్కర్లేదమ్మా," అంది కోడలు ఫోన్లో. "రింగు ఎప్పుడో కట్టేశాను. వీధి తలుపు మీద ఉంది. చూస్తే నువ్వే ఆశ్చర్యపోతావు."

అత్తగారు చేతిలో బఠాణీ కాయతోనే లేచింది. వీధి తలుపు దాకా వెళ్ళి, తెరిచి, బయటివైపు పైనుంచి కిందికి చూసింది. మళ్ళీ మూసి, తిరిగి వచ్చి కూర్చుంది.

"కళ్ళజోడు మార్చాలి," అంది బఠాణీలతో.

వసంతకాలపు సెలవులు వచ్చాయంటే ఆ వీధిలో ప్రతి ఇంటి తలుపు మీదా గుండ్రంగా ఒక పూలవలయం వేలాడుతుంది. పుస్తకాల్లో దాన్ని పూలవలయమంటారేమో గానీ మనుషులు మాత్రం రింగనే అంటారు. బజారులో రకరకాలవి దొరుకుతాయి. డబ్బులిచ్చి కొని తగిలించుకుంటే అయిపోతుంది. కానీ ఇంట్లో కట్టినదాని దర్జా వేరు. కోడలి పుట్టింట్లో ఏటా వాళ్ళమ్మే కట్టేది. ఆ రింగు చూడ్డానికి పక్కవీధి వాళ్ళు కూడా పనిగట్టుకుని వచ్చేవాళ్ళు. కూతురు పని తీగ అందించడం. అది కూడా మొదటి ఏడాదే. తీగ చిక్కు పడేశాక ఆ ఉద్యోగం కూడా ఊడింది.

ఆ తల్లి పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. ఆవిడ రిటైరైంది గానీ ఆవిడ చేతులు రిటైరు కాలేదు. మంచం మీద దుప్పటి మూలలు కవరు అంటించినట్టు మడతపడాలి. దిండు గలీబు నోరు గుమ్మంవైపు ఉండకూడదు. గోడమీద క్యాలెండరు, పళ్ళెంలో చెంచా, మొగుడి చొక్కా పైగుండీ, ఏదీ ఆవిడ కంటపడి ఉన్నచోట ఉన్నట్టు ఉండలేదు. ఒకసారి బస్సులో ముందు సీటాయన కాలరు వెనక్కి మడతపడి ఉంటే వంగి సరిచేసింది. పాపం ఆయన తర్వాతి స్టాపులోనే దిగిపోయాడు. అది ఆయన దిగాల్సిన స్టాపు కాదని కూతురికి ఇప్పటికీ గట్టి అనుమానం.

ఇదేమిటమ్మా అని ఎవరైనా అంటే ఆవిడ దగ్గర ఒకటే జవాబు. "నేనేం చేశాను? కొంచెం సర్దానంతే."

కూతురు బళ్ళో చదివేటప్పుడు మట్టితో ఏనుగును చేసింది. తొండం కాస్త లావైందని రాత్రికి రాత్రి తల్లి సర్దింది. తొండం సర్దాక చెవులు చిన్నవనిపించాయి, చెవులు సర్దాక కాళ్ళు పొట్టివనిపించాయి. ఏనుగుకి మొదటి బహుమతి వచ్చింది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆ పిల్ల వేదిక మీద నిలబడి, ఈ ఏనుగులో నాదంటూ ఏమైనా మిగిలిందా అని వెతుక్కుంది. తోక మిగిలింది. తోక మీద ఎవరూ ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఇప్పుడా తల్లి, కూతురి కాపురం చూడ్డానికి మొదటిసారి వస్తోంది. శనివారం పొద్దున్నే. "పూలూ తీగా అన్నీ నేనే తెస్తా, నువ్వేం ముట్టుకోకు, నేనొచ్చి కడతాలే," అని ఫోన్లో అనేసరికి కోడలి నోట్లోంచి ఆ అబద్ధం దానంతటదే ఊడిపడింది.

"అత్తయ్యా, మీరు చెప్పరు కదా?" అంది ఫోను పెట్టేసి.

"నేనెందుకు చెప్తానే? నన్నడిగితే మాత్రం నిజమే చెప్తాను."

"అడిగితే ఎలా మరి?"

"అడక్కుండా చూసుకో. ముందు రింగంటూ ఒకటి ఉంటే కదా, అడగడమూ చెప్పడమూ." అత్తగారు ఇంకో కాయ చీల్చింది. "అంత హడావిడి దేనికి? మీ అమ్మ కడతానంటే కట్టనీ. ఊరికే వస్తున్న రింగు."

కోడలు గిన్నెలో బఠాణీలను వేలితో అటూ ఇటూ దొర్లించింది. "అది కాదత్తయ్యా. నేను చేసిన ఒక్క వస్తువు... ఒక్కటంటే ఒక్కటి... మా అమ్మ చూసి, దాన్నలా వదిలెయ్యాలి. చెయ్యి పెట్టకుండా. అంతే నాక్కావాల్సింది. మెచ్చుకోకపోయినా పర్లేదు."

ఒక కాయ ఒలిచేంతసేపు అత్తగారు వెక్కిరించడం మానేసింది. అది ఆవిడకి మామూలు విషయం కాదు.

"సరే, కట్టు," అంది. "కానీ మొన్ననే రంగేయించిన తలుపు. దానికి మేకు కొట్టావో, నీకూ నాకూ మాటల్లేవు."

*

కోడలు నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫోన్లెత్తే ఉద్యోగం చేస్తుంది. కుళాయి రావట్లేదని ఊళ్ళోవాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమెను తిడతారు, ఆమె తేనె పూసిన గొంతుతో "మీ ఇబ్బంది మాకర్థమైంది, మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నాం" అంటుంది. ఆ ఉద్యోగానికి నోరు చాలు, చేతులతో పనిలేదు. అందుకే అందులో ఆమెకి మంచి పేరుంది.

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ప్రహరీ మీద అల్లుకున్న తీగల్లో ఎండినవి కోసుకొచ్చింది. బకెట్లో నానబెట్టి, వంచి, చుట్టి, దారంతో కట్టింది. కట్టింది కట్టినట్టు ఉండదేమోనని కట్టు మీద కట్టు వేసింది. అది ఆమె పద్ధతి. ఒక ముడిని నమ్మదు, దానికి కాపలాగా ఇంకో మూడు ముళ్ళుండాలి.

అత్తగారు తల ఒకవైపు వాల్చి చూసింది. తర్వాత రెండోవైపు వాల్చి చూసింది.

"ఇది గుండ్రమేనా?"

"కాదా?"

"కోడిగుడ్డు చూసిందంటే నా బిడ్డేనని ఎత్తుకుపోతుంది."

భోజనానికి వచ్చిన కొడుకు కూడా చూశాడు. వీధి చివర సైకిలు షాపు అతనిదే. తండ్రి పోయాక అతనే చూసుకుంటున్నాడు. నెమ్మదైన మనిషి. దేనికీ కోపం రాదు, ఎవర్నీ తప్పుపట్టడు. ఒక్క వంకర చక్రాన్ని తప్ప.

"గుండ్రటిది కావాలంటే నన్నడగొచ్చుగా?" అన్నాడు. "నేను పొద్దున్న లేస్తే చేసేది గుండ్రం పనే కదా."

"మీకు పూలు కట్టడం వచ్చా మెకానిక్ గారూ?"

"పూలు నాకేం తెలుసు. చట్రం సంగతి చెప్తున్నా. చిన్నపిల్లల సైకిలుది ముందు చక్రం ఒకటుంది, పాతది. సరిగ్గా సరిపోద్ది. మేకు కూడా అక్కర్లేదు. ఇనపపట్టీ ఒకటి తలుపు నెత్తిమీద కొక్కెంలా వంచి తగిలిద్దాం. చక్రం ఇరుసుని ఆ పట్టీకి నట్టేసి బిగిస్తే సరి."

కోడలు ముఖం వెలిగిపోయింది. అత్తగారు కూడా, "మేకు లేదన్నాడు కాబట్టి సరే," అంది. "మధ్యలో ఒక బెల్లు కూడా బిగించరా. వచ్చినవాళ్ళు ట్రింగుమనిపిస్తారు."

మర్నాడు చక్రం రాలేదు.

"బెండుంది," అన్నాడతను. "అలా ఎలా ఇస్తాను?"

"పూలు కప్పేస్తాయండీ! బెండు ఎవరికి కనిపిస్తుంది?"

"కనిపించకపోతే మాత్రం? నాకు తెలుసు కదా."

గురువారం ఆఫీసయ్యాక కోడలు షాపుకే వెళ్ళింది. మొగుడు ఆ బుల్లి చక్రాన్ని స్టాండుకెక్కించి, ఒక కన్ను మూసి, వేలితో తిప్పుతున్నాడు. తిప్పడం, ఆపడం, స్పోకులు బిగించే చిన్న పానాతో ఒక స్పోకుని కాస్త బిగించడం, దాని ఎదురుదాన్ని కాస్త వదులు చెయ్యడం, మళ్ళీ తిప్పడం. పక్కన రేకు మూతలో ఇరుసులో వేసే కొత్త గోళీలు గ్రీజులో మెరుస్తున్నాయి. పాతవి అరిగిపోయాయట. పక్కన పంక్చరు కోసం వచ్చినాయన ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో గానీ, అతను కూడా తన సైకిలు సంగతి మర్చిపోయి చక్రంవంకే చూస్తున్నాడు.

"ఇదిగో, ఇప్పుడు చూడు," అని మొగుడు చక్రాన్ని ఒక్కసారి తిప్పి వదిలాడు.

అది తిరిగింది. చప్పుడు లేదు, వణుకు లేదు. కోడలు ఎదురింటి టైలరుగారి భార్య దగ్గర అడిగి తెచ్చుకున్న పసుపు, తెలుపు గుడ్డ ముక్కల్ని రంగులవారీగా సర్దుకుని, మూటగట్టి, కూర్చుని, ఆవలించి లేచేదాకా తిరుగుతూనే ఉంది.

"ఎలా ఉంది?" అన్నాడు, పుట్టిన బిడ్డను చూపించినట్టు.

"బాగా గుండ్రంగా ఉంది," అంది కోడలు. ఆమెకి కావాల్సింది అదొక్కటే. తిరగడం సంగతి ఆమె బుర్రకి ఎక్కలేదు. సైకిలు చక్రం తిరక్క చస్తుందా?

*

శుక్రవారం సెలవు పెట్టింది. చక్రాన్ని భోజనాల బల్ల మీద పడుకోబెట్టి పనిలోకి దిగింది. చక్రం అంచు చుట్టూ పాత ఆకుపచ్చ కర్టెను గుడ్డ చుట్టింది. స్పోకుల మధ్య నుంచి సన్నని కొమ్మలు దూర్చింది. పసుపువీ తెల్లవీ గుడ్డపూలు కుట్టింది. ప్రతి పువ్వుకీ మధ్యలో బొడ్డు కావాలి కదా, ఏం పెట్టాలో తోచక షాపు నుంచి వచ్చిన డబ్బా తిరగేస్తే ట్యూబు వాల్వులకి పెట్టే బుల్లి టోపీలు బోలెడు దొరికాయి. ఎర్రవి, నల్లవి. ఒక్కో పువ్వు మధ్యలో ఒక్కో టోపీ. దూరం నుంచి చూస్తే నిజంగా పుప్పొడి ముద్దల్లా ఉన్నాయి. ఇది తన సొంత బుర్రలో పుట్టిన ఆలోచన. కోడలు తనకు తానే ఒక చాక్లెట్టు బహుమానంగా ఇచ్చుకుంది.

పెద్ద పూలన్నీ కలిపి ఒక్క గుత్తిగా పైభాగాన, కుడిచేతివైపు కాస్త ఒరిగినట్టు పెట్టాలని ఆమె ఊహ. అది ఊడకుండా తీగతో కట్టింది. తీగ మీద తీగ, దానికి కాపలా తీగ. చివరికి ఆ గుత్తిలో పువ్వు పావు వంతు, తీగ ముప్పావు వంతు.

"దొంగని కట్టినట్టు కట్టావు," అంది అత్తగారు. కానీ ఈసారి తల రెండోవైపు వాల్చలేదు. నిటారుగానే చూసింది. "బాగుందే పిల్లా."

సాయంత్రం మొగుడు వచ్చి పట్టీ తగిలించి, ఇరుసు బిగించి, రింగు ఎక్కించాడు. ముగ్గురూ మెట్లు దిగి వీధిలో నిలబడి చూశారు.

పైనున్న గుత్తి ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత, పెళ్ళివారింట్లో భోజనానికి లేచిన పెద్దమనిషిలా, తొందర లేకుండా, హుందాగా కుడివైపు నుంచి కిందికి దిగడం మొదలుపెట్టింది. దిగి, అడుక్కి చేరి, కాస్త అవతలికి పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి, అక్కడ కుదురుకుంది.

కోడలు వెళ్ళి గుత్తిని పైకి తిప్పి వచ్చింది. అది మళ్ళీ దిగింది.

"ఏమండీ."

"ఊఁ."

"ఇది తిరుగుతోంది."

"మరి! కొత్త గోళీలు," అన్నాడతను గర్వంగా.

"తలుపు మీద రింగు ఎక్కడికి వెళ్ళాలండీ? ఏ ఊరు వెళ్ళాలి?"

ఈ ప్రశ్న అతనికి ఇంతవరకూ ఎవరూ వెయ్యలేదు. చిన్నప్పట్నుంచీ అతని చేతిలోకి వచ్చిన ప్రతి చక్రమూ ఎక్కడికో వెళ్ళడానికే వచ్చింది. అత్తగారు నడుం పట్టుకుని మెట్టు మీద చతికిలబడింది. నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది.

"నట్టు బిగించెయ్యండి, తిరక్కుండా," అంది కోడలు.

"బిగిస్తే గోళీలు నలిగిపోతాయే!"

"నలగనీండి!"

"అలా అనకు," అన్నాడు నిజంగా బాధపడి. "ఎదురువైపు బరువు పెడదాం. షాపులో సీసం ముక్కలున్నాయి, పొద్దున్నే తెచ్చి తూకం చేస్తా."

"పొద్దున్నే మా అమ్మ వస్తోంది. మీ తూకం అయ్యేసరికి మా అమ్మ తిరిగి వెళ్ళిపోతుంది."

చివరికి ఆమె తన పద్ధతికే వచ్చింది. గుత్తిని పైన నిలబెట్టి, ఒక స్పోకుని వెనకనున్న ఇనపపట్టీకి దారంతో కట్టింది. ముడి మీద ముడి. ఇంక కదలదు. దారం కొస మాత్రం పూల మధ్యనుంచి కాస్త బయటికి తొంగిచూస్తోంది. చీకటి పడుతోంది, ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

*

శనివారం పొద్దున్న టాక్సీ ఆగింది. తల్లి దిగింది. ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో బుట్ట, బుట్టనిండా పూలు, తీగచుట్ట. "ఉన్నా మంచిదేనని తెచ్చా," అంది. అల్లుడు సంచీ అందుకోవడానికి వంగితే అతని కాలరు సర్దింది. కూతురి జుట్టు చెవి వెనక్కి దోపింది. టాక్సీ అతను ఇచ్చిన చిల్లర నోట్లు తలకిందులుగా ఉన్నాయని అన్నీ ఒకవైపుకి తిప్పి పర్సులో పెట్టుకుంది. మెట్టెక్కింది. తలెత్తి తలుపు చూసింది.

తల్లి రింగుని పైనుంచి కిందికి చూసింది, చుట్టూ చూసింది. దగ్గరికి జరిగి ఒక పువ్వు మధ్యలో ఎర్రటోపీని గోటితో తట్టింది.

"ఇవేంటివి?"

"వాల్వు టోపీలమ్మా. ట్యూబులవి."

"ఓహో." ఇంకా చూసింది. "నువ్వే కట్టావా?"

"నేనే."

తల్లి వెనక్కి తిరిగి వియ్యపురాలి ముఖంలోకి చూసింది. "వదినగారూ, నిజంగా ఇదే కట్టిందా?"

"దాని వేళ్ళు చూడండి వదినగారూ, తీగ గీరుకుని ఎలా ఉన్నాయో," అంది అత్తగారు.

"ఎప్పుడో కట్టేశానంది ఫోన్లో. ఎప్పుడు కట్టింది?"

అత్తగారు ఎటూ చూడకుండా గడప తుడిచింది.

"బట్టల మీద ఇంకా దారప్పోగులున్నాయి చూడండి. ఆ పోగులు ఎప్పటివైతే రింగు అప్పటిదే."

తల్లి కూతురి మోచేతి మీంచి ఒక పసుపు పోగు తీసి, దాన్ని చూసి, కూతుర్ని చూసి, మళ్ళీ తలుపు వైపు తిరిగింది.

"బాగుంది," అంది.

ఒక్క మాట. కోడలు ఆ మాటని ఇంకా చెవిలోంచి లోపలికి పోనివ్వకముందే తల్లి నోట్లోంచి రెండోది వచ్చింది.

"ఈ దారం ఒక్కటీ..."

హెడ్ నర్సుల పర్సులో కట్లు కత్తిరించే బుల్లి కత్తెర ఎప్పుడూ ఉంటుంది. అది ఎప్పుడు బయటికొచ్చిందో ఎవరూ చూడలేదు. టిక్కుమంది.

"అమ్మా, వద్ద..."

గుత్తి ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత హుందాగా దిగడం మొదలుపెట్టింది.

తల్లి కత్తెర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆవిడ కళ్ళు గుత్తితోపాటే దిగాయి, దానితోపాటే కాస్త అవతలికి పోయి వెనక్కి వచ్చాయి.

"ఇదేంటే, పడిపోయింది!"

"పడలేదత్తయ్యగారూ," అన్నాడు అల్లుడు, సంచీ పట్టుకునే. "తిరిగిందంతే. కొత్త గోళీలు."

తల్లి గుత్తిని రెండు చేతులతో పైకి తిప్పి, సరిగ్గా పెట్టి, చేతులు తీసింది. అది దిగింది. ఆవిడ పెదాలు బిగించింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ దిగింది. మూడోసారి పైకి తీసుకెళ్ళి, నిద్రపట్టిన పసిబిడ్డ తల కింద నుంచి చెయ్యి తీసినట్టు, ఒక్కొక్క వేలే, ఊపిరి కూడా తీయకుండా తప్పించింది. రింగు ఆవిడ ఆఖరి వేలు తీసేదాకా మర్యాదగా ఆగింది. తీశాక దిగింది.

ఎదురింట్లోంచి టైలరుగారు తల బయటికి పెట్టాడు. "ఏంటండీ, తలుపు రావట్లేదా? సాయం పట్టనా?"

"తలుపు బాగానే ఉందండీ," అంది అత్తగారు. "మా వదినగారు దానికి ట్రీట్మెంటిస్తున్నారు."

తల్లికి ముఖం ఎర్రబడింది. ఆసుపత్రిలో ఎన్ని మొండి రోగాల్ని చూసిన మనిషి! చొక్కా చేతులు పైకి మడిచింది. బుట్ట మెట్టు మీద పెట్టి తీగచుట్ట తీసింది. "బరువంతా ఒకేచోట పడిందే పిచ్చిదానా. అందుకే. ఈ గుత్తి విప్పేసి నాలుగువైపులా నాలుగు పెడితే అదే నిలబడుతుంది. నువ్వుండు, నేను కొంచెం..."

ఆవిడ చెయ్యి గుత్తి మీదికి వెళ్ళింది. ఆ మాట నిజమే. నాలుగువైపులా పెడితే అది నిలబడుతుంది. చక్కగా ఉంటుంది. వీధంతా మెచ్చుకుంటుంది. కోడలికి మట్టి ఏనుగు తోక గుర్తొచ్చింది.

"మీ ఇబ్బంది మాకర్థమైంది," అంది తేనె గొంతుతో. అలవాటు. అన్న తర్వాత తనకే సిగ్గేసింది. తల్లి తిరిగి చూసింది. ఈసారి కోడలు మామూలు గొంతుతో అంది.

"విప్పకమ్మా. పైన ఉండాలనే కట్టాను, కిందికొచ్చింది. నాకు తెలుసు. నువ్వు కడితే ఇంతకన్నా బాగుంటుంది, అదీ తెలుసు. కానీ నేను కట్టింది ఇదే. ఉండనీ."

తల్లి చెయ్యి గుత్తి మీదే ఉంది. రెండు వేళ్ళ మధ్య కాపలా తీగ కొస. లాగితే ఊడుతుంది. అత్తగారి దగ్గర ఒక మాట సిద్ధంగా ఉన్నట్టుంది గానీ ఆవిడ దాన్ని మింగేసింది. వారంలో ఇది రెండోసారి.

"వంకరగా ఉందే," అంది తల్లి, నీరసంగా.

"వంకరా!" సంచీ కింద పెట్టేశాడు అల్లుడు. ఎప్పుడూ రాని కోపం అతనికి వచ్చింది. "వెంట్రుకవాసి వంకర లేదండీ! కావాలంటే స్టాండుకెక్కించి చూపిస్తా, రండి షాపుకి!"

ముందు అత్తగారు నవ్వింది. తర్వాత కోడలు. టైలరుగారు కూడా, ఎందుకో తెలియకపోయినా, నవ్వాడు. తల్లి అల్లుడి ముఖం చూసి, రింగుని చూసి, పెదాలు ఎంత బిగించినా ఆగక, తనూ నవ్వేసింది. నవ్వుతూనే తీగ కొస వదిలేసింది. కత్తెర పర్సులో పెట్టి, టప్పుమని మూసింది.

"సరేలే," అంది. "దాని ఇష్టం."

ఆ రెండు మాటలు తల్లి నోటి నుంచి కోడలు పుట్టి బుద్ధెరిగాక వినలేదు. తండ్రికి ఫోన్ చేసి చెప్పాలనిపించింది. చెప్పినా ఆయన నమ్మడు.

తలుపు దక్కింది గానీ దానికి బదులు ఇంటిలోపలి సామాన్లన్నీ ఆ రోజు తల్లి చేతిలో పడ్డాయి. దిండు గలీబులు గుమ్మానికి వీపు తిప్పుకున్నాయి. చెంచాలు వరసలో నిలబడ్డాయి. క్యాలెండరు గోడకి ఇంత నిటారుగా ఎప్పుడూ వేలాడలేదు. మధ్యాహ్నానికి అత్తగారి కళ్ళజోడు కూడా ఆవిడ చేతికి చిక్కింది. నోటి ఆవిరి పెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి, ముక్కు మీద పెట్టింది.

అత్తగారు చుట్టూ చూసింది. "ఇదిగో కోడలా, కళ్ళజోడు మార్చక్కర్లేదే. మీ అమ్మనుంచుకుంటే చాలు."

*

మర్నాడు పొద్దున్నే కోడలికి మెలకువ వచ్చింది. పక్కగదిలో తల్లి మంచం ఖాళీగా ఉంది, దుప్పటి మూలలు కవరులా మడిచి ఉన్నాయి. వీధి తలుపు ఓరగా తెరిచి ఉంది. బయటినుంచి సన్నగా ఏదో చప్పుడు, గాలి కాగితాన్ని తాకినట్టు.

కోడలు దుప్పటి తన్నేసి లేచింది. 'అయిపోయింది. నిన్న అందరి ముందూ మొహమాటపడి ఊరుకుంది. ఇప్పుడు విప్పేస్తోంది.' చెప్పులు కూడా వేసుకోకుండా పరుగున వెళ్ళింది.

తల్లి మెట్టు మీద నిలబడి ఉంది. ఒక చేతిలో టీ గ్లాసు. రెండో చేతి చూపుడు వేలు రింగు అంచు మీద. నిన్న తెచ్చిన పూల బుట్ట గోడవారన అలాగే ఉంది, తీగచుట్ట కూడా విప్పలేదు. ఆవిడ వేలితో ఒక్కసారి తోసింది. పసుపు, తెలుపు, ఆకుపచ్చ కలిసిపోయి, ఎర్రటోపీలన్నీ ఒక్క గీతగా మారి, రింగు గుండ్రంగా, చప్పుడు లేకుండా తిరిగింది. తిరిగి తిరిగి నెమ్మదించి, గుత్తి అడుక్కొచ్చి, కాస్త అవతలికి పోయి, వెనక్కొచ్చి ఆగింది. తల్లి టీ ఒక గుక్క తాగింది. మళ్ళీ వేలు పెట్టింది.

"అమ్మా!"

ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంది. వార్డులో దొంగతనంగా మిఠాయి తింటూ పట్టుబడ్డ రోగిలా చూసింది.

"నేనేం చేశాను?" అంది. "సర్దలేదే తల్లీ, ఒట్టు. కొంచెం తిప్పానంతే."